ఏడు కిలోలు

మా ఇంట్లో బాత్రూమ్ పక్కన ఒక కాటా ఉంది. బరువు తగ్గుదామని కొన్నది. ఇప్పుడు సూట్‌కేసులు తూచుకోడానికి తప్ప దాని మీద ఎవరూ ఎక్కడం లేదు. పద్ధతి మీకూ తెలిసే ఉంటుంది. ముందు ఉత్త చేతులతో ఎక్కాలి, తర్వాత బ్యాగు పట్టుకుని ఎక్కాలి, రెండో అంకెలోంచి మొదటిది తీసేయాలి. పోయిన జనవరిలో, సంక్రాంతి వెళ్లిన వారానికి, ఒక అర్ధరాత్రి అలా ఎక్కి దిగితే నా క్యాబిన్ బ్యాగు 11.8 కిలోలు తేలింది.

ఆ ప్రయాణంలో మూడు విమానాలు. హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి ఒక చవక విమానం. అక్కడ మా పిన్ని కూతురింట్లో మూడు రోజులు. దుబాయ్ నుంచి లండన్‌కి బ్రిటిష్ ఎయిర్‌వేస్. లండన్‌లో పని చూసుకుని బార్సెలోనాకి మళ్లీ ఒక చవక విమానం. మూడూ విడివిడిగా కొన్న టికెట్లు కాబట్టి ఎవరి రూలు వాళ్లది. మొదటివాళ్లు 7 కిలోలన్నారు. రెండోవాళ్లు 23 కిలోల దాకా ఫరవాలేదు, ఎవరి సాయం లేకుండా మీరే ఎత్తి పై అరలో పెట్టుకోగలిగితే చాలన్నారు. మూడోవాళ్లు 40 × 30 × 20 సెంటీమీటర్ల చట్రంలో పట్టే సంచి ఒక్కటే ఉచితం, మిగతా దేనికైనా డబ్బు కట్టమన్నారు. అది ముందే కట్టేశాను. మిగిలింది మొదటి విమానం. ఇలాంటి ప్రయాణాల్లో అందరికంటే పిసినారి ఎవరో వాళ్లే మన పెట్టెను సర్దుతారు.

చార్జరు, పవర్ బ్యాంకు, రెండు పుస్తకాలు, కెమెరా లెన్సు తీసి లండన్ చలి కోసం కొన్న కోటు జేబుల్లో కుక్కాను. మళ్లీ తూచాను. 9.6. ల్యాప్‌టాప్ తీయలేను. రెండో జత బూట్లు తీయబుద్ధి కాలేదు. ఇంక తగ్గదులే అనుకుని పడుకున్నాను. "ఇంక తగ్గదు" అన్నది నిజం కాదు. తగ్గించను అన్నది నిజం.

ఈ అంకెలు ఎంత విచిత్రంగా ఉంటాయో ఒకసారి చూడండి. మన దేశంలో తిరిగే విమానాల్లో ఎకానమీ వాళ్లకు మామూలుగా 7 కిలోలు, పొడవు వెడల్పు ఎత్తు కలిపి 115 సెంటీమీటర్లు. ఎమిరేట్స్, ఖతార్, సింగపూర్ ఎయిర్‌లైన్స్ కూడా ఎకానమీలో 7 దగ్గరే ఆగుతాయి. లుఫ్తాన్సా 8 అంటుంది. ఎయిర్ ఫ్రాన్స్, కేఎల్ఎంలు అన్నీ కలిపి 12 అంటాయి. అమెరికాలోని పెద్ద కంపెనీలు చాలావరకు బరువు అడగనే అడగవు, కొలత సరిపోతే చాలు. అంటే అదే 9.6 కిలోల పెట్టె ఒక విమానంలో దొంగ, ఇంకో విమానంలో దొర. మధ్యలో పెట్టె ఏం మారలేదు, నేనూ మారలేదు.

మరి ఇది ఏ రకం తప్పు? కొన్ని తప్పులు ఏ ఊరెళ్లినా తప్పులే. ఇంకొన్ని ఊరిని బట్టి మారతాయి. రోడ్డుకి ఎడమవైపు నడపడం ఇక్కడ ఒప్పు, దుబాయ్‌లో ప్రాణం మీదికి తెచ్చుకోవడం. అయితే, ఎడమ అనేది మనుషులు తోచినట్టు పెట్టుకున్న రూలే కదా అని మన హైదరాబాద్‌లో కుడివైపు నడిపితే ఊరుకుంటామా? (నడుపుతారు, నాకు తెలుసు. ఊరుకుంటాం కూడా. వదిలేయండి.) రూలు ఎక్కడినుంచి వచ్చిందన్నది ఒక ప్రశ్న. అందరూ దాన్ని నమ్ముకుని నడుస్తున్నప్పుడు నేనొక్కదాన్నే తప్పితే ఎవరికి తగులుతుందన్నది ఇంకో ప్రశ్న. నేను చాలాకాలం మొదటి ప్రశ్నతో ఆగిపోయి, రెండోదాని దాకా వెళ్లకుండా తప్పించుకున్నాను.

ఆఫీసులో ఒక స్నేహితుడు ఉన్నాడు. "వాళ్లు మనల్ని నిలువునా దోచుకుంటున్నారు, మనం రెండు కిలోలు నొక్కేస్తే ఏం పోయింది?" అంటాడు. అతని మాటలో సగం న్యాయం ఉంది. 2008లో ఇంధనం ధర మండిపోతున్నప్పుడు అమెరికన్ ఎయిర్‌లైన్స్ మొదటి చెకిన్ బ్యాగుకు 15 డాలర్లు వసూలు చేయడం మొదలుపెట్టింది. మిగతా పెద్ద కంపెనీలు చాలావరకు అదే దారి పట్టాయి. జనం ఏం చేస్తారు? కింద పెట్టాల్సిన సామానంతా చేతిలోకి తెచ్చుకున్నారు, పై అరలు నిండిపోయాయి. 2010లో స్పిరిట్ అనే కంపెనీ ఆ చేతి సామానుకు కూడా రేటు కట్టింది. యూరప్‌లో ఇది కోర్టుల దాకా పోయింది. చేతి సామాను ప్రయాణంలో విడదీయలేని భాగం, సహేతుకమైన బరువులో, కొలతలో ఉంటే దానికి అదనంగా డబ్బు అడగకూడదు అని 2014లో వ్యూలింగ్ అనే స్పెయిన్ కంపెనీ కేసులో యూరోపియన్ కోర్టు చెప్పింది. "సహేతుకం" అంటే ఎంతో చెప్పలేదు. పదేళ్ల తర్వాత, 2024లో, స్పెయిన్ ప్రభుత్వం అయిదు చవక విమాన కంపెనీలకు కలిపి 17.9 కోట్ల యూరోల జరిమానా వేసింది. కారణాల్లో చేతి సామానుకు డబ్బులు గుంజడం ఒకటి. అదింకా కోర్టుల్లో నలుగుతోంది.

కాబట్టి కంపెనీ మీద కోపం ఉండటంలో తప్పు లేదు. కానీ నా రెండున్నర కిలోలు కంపెనీ జేబులోంచి రావు. పై అర ఎంత ఉందో అంతే ఉంటుంది. నా పెట్టె ఉబ్బితే, చివర్లో ఎక్కినవాడి పెట్టెకు చోటుండదు. ఆ అరలకు కూడా ఇంత బరువుకు మించకూడదని హద్దు రాసి ఉంటుంది. ఇక మొత్తం లెక్క చూస్తే, 180 సీట్ల విమానంలో అందరూ నాలాగే రెండున్నర కిలోలు ఎక్కువ తెస్తే 450 కిలోలు. "అందరూ ఇలాగే చేస్తే?" అని ప్రతి పనికీ ముందు అడుక్కోమన్న కాంట్ మహాశయుడు జీవితమంతా కోనిగ్స్‌బర్గ్ చుట్టుపక్కలే గడిపేశాడు. సామాను సర్దుకునే తిప్పలు ఆయనకి పెద్దగా లేవు. కానీ ప్రశ్న మాత్రం మంచిది.

అందరూ చేయరన్న నమ్మకం మీదే నేను చేస్తున్నాను. అందులోనూ ఆ "అందరూ" ఎవరో ఆ తెల్లవారుజాము దాకా నేను సరిగా చూడలేదు.

దానికి ముందు కోటు సంగతి. ఎందుకంటే నాకు నిజంగా తల తిరిగింది కోటు దగ్గరే. చార్జరు బ్యాగులో ఉంటే సామాను. జేబులో ఉంటే నేను. విమానానికి ఈ తేడా తెలియదు. అది మోసేది మొత్తాన్ని. బరువు లెక్కలు వేసేటప్పుడు కూడా విమానాల వాళ్లు మనల్ని ఒక్కొక్కరిగా తూచరు. మనిషికి, చేతి సామానుకు కలిపి ఇంత అని ఒక సగటు పట్టుకుంటారు. ఆ సగటు సరిగా ఉందో లేదో చూడటానికి ఫిన్‌ఎయిర్ 2024లో హెల్సింకి విమానాశ్రయంలో, ఇష్టపడి ముందుకొచ్చిన ప్రయాణికులను చేతి సామానుతో సహా తూచింది. అంతకు ముందు 2013లో సమోవా ఎయిర్ అనే చిన్న కంపెనీ ఇంకో అడుగు ముందుకేసి, మనిషి, సామాను కలిపి ఎన్ని కిలోలో దాన్నిబట్టే టికెట్ డబ్బులు తీసుకుంది. లోకమంతా నవ్వింది, కొంతమంది తిట్టారు. మేడారం జాతరలో మనమే ఇష్టంగా కాటా ఎక్కి, నిలువెత్తు బంగారమని మన బరువుకు సరిపడా బెల్లం సమర్పించుకుంటాం. అక్కడ ఎవరికీ అవమానం కాదు. టికెట్ కౌంటర్ దగ్గర ఎక్కమంటే మాత్రం భరించలేం. ఒళ్లు తూచడం మర్యాద కాదు కాబట్టి పెట్టెను తూస్తారు. ఒంటికీ పెట్టెకూ మధ్య గీత గీశారు కాబట్టి నేను ఆ గీత మీద కోటు వేసుకుని నిలబడతాను. ఇది మోసమా, తెలివా? గీత గీసినవాళ్లు ఒప్పుకున్న దారి కాబట్టి మోసం కాదనే అనుకుంటాను. కోటు వరకూ నా మనస్సాక్షి బాగానే నిద్రపోయింది. దాన్ని లేపింది బ్యాగులో మిగిలిన 9.6.

శంషాబాద్‌లో తెల్లవారుజామున గల్ఫ్ విమానాల గేట్ల దగ్గర ఎప్పుడైనా కూర్చున్నారా? దేశీయ విమానాల గేట్ల దగ్గరి లోకం వేరు, ఇది వేరు. ఎక్కువమంది మగవాళ్లు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కడప. సెలవు మీద వచ్చి తిరిగి వెళ్తున్నవాళ్లు మాట్లాడకుండా కూర్చుంటారు. మొదటిసారి వెళ్తున్నవాళ్లు పాస్‌పోర్టు కవరు ఒళ్లో పెట్టుకుని నిమిషానికోసారి తెరిచి చూసుకుంటారు. ఆ గుంపులో నేను, జనవరి హైదరాబాద్‌లో మోకాళ్ల దాకా ఉన్న ఉన్ని కోటుతో.

గేటు పక్కన చిన్న కాటా పెట్టి ఒక కుర్రాడు నిలబడ్డాడు. లైన్లోంచి కొందరిని పక్కకు పిలుస్తున్నాడు. ఎవరిని పిలుస్తున్నాడో ఒక అయిదు నిమిషాలు చూశాక అర్థమైంది. జిప్పు పక్కన తాడు కట్టిన సంచులు. గోధుమరంగు టేపు చుట్టిన బ్యాగులు. హవాయి చెప్పులు. నా ముందు నిలబడ్డ ఇద్దరినీ ఆపాడు. నా వంతు వచ్చింది. నా పెట్టె నాలుగు చక్రాల మీద మెత్తగా కదులుతోంది. బరువు దాచడానికే చక్రాలున్నది. అతను నన్ను చూశాడు, కోటు చూశాడు, పెట్టె కేసి చూడనేలేదు. "మీరు వెళ్లండి మేడమ్."

వెళ్లాను. గేటు ఇంకా తెరవలేదు కాబట్టి కాటాకు దగ్గర్లోనే ఒక కుర్చీలో కూర్చున్నాను.

నా ముందు ఆపిన ఇద్దరిలో ఒకతను పాతికేళ్లవాడు. అతని సంచి 11.2 చూపించింది. చెకిన్ సామాను అప్పటికే లోపలికి వెళ్లిపోయింది. డబ్బు కట్టు, లేకపోతే తగ్గించు అన్నాడు కాటా కుర్రాడు. కిలోకు ఎంతో చెప్పాడు. అతను ఇంకేం అడక్కుండా సంచిని నేల మీద పెట్టి విప్పాడు. లోపల ప్లాస్టిక్ కవర్లలో పొట్లాలు, ఏడో ఎనిమిదో. ప్రతి పొట్లం మీదా టేపు, టేపు మీద బాల్‌పెన్నుతో ఒక పేరు. రూమ్‌లో తనతో ఉండేవాళ్ల ఇళ్లనుంచి పంపినవి. సంక్రాంతికి చేసిన సకినాలు, మురుకులు. సంచి అడుగున ఒక చద్దరు, ఒక ప్యాంటు, బూట్లు. అవి అతనివి.

నావైపు చూశాడు. లేచి వచ్చాడు.

"అక్కా, మీది తూచలే గదా. గీ రెండు పొట్లాలు జర మీ బ్యాగుల పెట్టుకుంటరా? దుబాయిల దిగంగనే తీస్కుంట. సకినాలే అక్కా, కావాల్నంటె ఇప్పి చూపిస్త."

ఆ మాటలో ఫిర్యాదు లేదు. "మీది తూచలే గదా" అని, బయట వాన పడుతోంది కదా అన్నంత మామూలుగా అన్నాడు.

"సారీ అండీ. ఎయిర్‌పోర్టులో వేరేవాళ్ల సామాను తీసుకోకూడదు కదా" అన్నాను.

"గట్లనా. సరే అక్కా, ఏం గాదు."

తిరిగి వెళ్లి సంచి ముందు గొంతుక్కూర్చున్నాడు. పొట్లాలు ఒక్కొక్కటీ పట్టుకుని పేరు చూసి పక్కన పెట్టాడు. ఏది వదిలేయాలో తేల్చుకుంటున్నాడనుకున్నాను. కాదు. అన్నీ తిరిగి సర్దాడు. చద్దరు తీశాడు. బూట్లు తీశాడు. ప్యాంటును వేసుకున్న ప్యాంటు మీదే తొడుక్కోబోయి, కుదరక, అదీ చద్దరు మీద పెట్టాడు. మూడింటినీ చెత్తబుట్ట పక్కన, బుట్టలో కాకుండా పక్కన, నీటుగా పెట్టాడు. మళ్లీ తూచారు. 7.4. కాటా కుర్రాడు చెయ్యి ఊపి పొమ్మన్నాడు. వాడూ రాక్షసుడేం కాదు.

కొంచెంసేపటికి నేల తుడిచే ఆమె వచ్చింది. అటూ ఇటూ చూసి, చద్దరు దులిపి, మడత పెట్టి, తన బండి కింది అరలో పెట్టుకుంది.

నేను చెప్పిన రూలు మంచి రూలే, అందులో నాకు ఇప్పటికీ సందేహం లేదు. మీ బ్యాగు మీరే సర్దుకున్నారా, ఎవరైనా ఏమైనా ఇచ్చారా అని విమానాశ్రయాల్లో ఊరికే అడగరు. ఎవరో ఇచ్చిన పొట్లం మోసుకెళ్లి, అందులో ఏముందో తెలియక, గల్ఫ్ జైళ్లలో మగ్గినవాళ్ల కథలు మన పల్లెల్లో చాలానే ఉన్నాయి. మత్తుమందులే అక్కర్లేదు. కోడికూరలో వేసుకునే గసగసాలు కూడా యూఏఈలో నిషిద్ధం. బయల్దేరే ముందురోజు మా పిన్ని కూతురు ఫోన్ చేసి "ఏమన్నా తే గానీ గసగసాలు మాత్రం తేకే" అని రెండుసార్లు చెప్పింది. కాబట్టి ముక్కూ మొహం తెలియని మనిషి పొట్లాన్ని నిరాకరించినందుకు ఏ ధర్మశాస్త్రమూ నన్ను తప్పుపట్టదు.

చిక్కేమిటంటే, నేను నిరాకరించింది అందుకు కాదు. అతను పొట్లాలు పట్టుకుని నావైపు అడుగు వేసినప్పుడు నాకు గుర్తొచ్చింది గసగసాలూ కాదు, జైలూ కాదు. 9.6. నా పెట్టె జిప్పు తెరిస్తే, ఆ కాటా కుర్రాడు ఇటు చూస్తే, "ఒకసారి మీదీ పెట్టండి మేడమ్" అంటే? ఆ భయం ముందు వచ్చింది. దానికి బట్టలు తొడిగే రూలు తర్వాత దొరికింది. ఒక రూలు తప్పి, అది బయటపడకుండా ఇంకో రూలు చాటున నిలబడ్డాను. అది మంచి రూలు కావడం వల్ల బాగా కప్పింది కూడా.

ఈ సంగతి మావాళ్లకు చెబితే తలో మాట అన్నారు. అమ్మ "మంచి పని చేశావు, ఎవరి సామానూ ముట్టుకోవద్దు" అంది. ఆఫీసు స్నేహితుడు "అతనికి ఆ డబ్బేదో కట్టేయాల్సింది" అన్నాడు. ఈ మూడో దారి నాకు విమానంలో బెల్టు పెట్టుకున్నాక గానీ తట్టలేదు. ఆ నాలుగు కిలోలకు వాళ్లడిగింది నా కోటు ఖరీదులో పావు వంతు కూడా ఉండదు. ఎందుకు తట్టలేదు? బహుశా అతను డబ్బు అడగలేదు కాబట్టి. అతను అడిగింది చోటు, అదీ నేను తూకం లేకుండా దక్కించుకున్న చోటులో కొంచెం. డబ్బు కట్టి ఉంటే నాకు హాయిగా ఉండేది, అతనికీ ఉపయోగపడేది, చద్దరు మిగిలేది. నా 9.6 మాత్రం అలాగే ఉండేది. అయినా సరే, కట్టాల్సింది.

ఇక్కడ మా అమ్మమ్మ ఎర్రబస్సు గుర్తుకొస్తుంది. తెనాలి నుంచి హైదరాబాద్‌కి మా కోసం బియ్యం, మినప్పప్పు, అప్పడాలు, రెండు జాడీల ఆవకాయ మోసుకొచ్చేది. ఆర్టీసీలో కూడా లగేజీకి టికెట్ కొట్టే పద్ధతి ఉంది. కానీ అక్కడి కాటా కండక్టరు కన్ను. "ఏంటవ్వా, ఊరంతా ఎత్తుకొచ్చావు" అంటాడు. "నా మనవరాలు తినేది ఎంత బాబూ, పిట్టంత" అంటుంది. ఒక్కోసారి టికెట్ కొట్టేవాడు, ఒక్కోసారి వదిలేసేవాడు. సంచులు సీట్ల కింద సర్దేది. తన సీటు కింద పట్టనివి పక్కవాళ్ల కాళ్ల కింద. "అమ్మాయ్, కాస్త కాళ్లు ఎత్తు" అనేది, అడిగినట్టు కూడా ఉండేది కాదు. లోపల ఏముందని ఎవరూ అడగలేదు. ఎవరికి అనుమానం? ఆవకాయ వాసనే చెప్పేది.

ఆ రోజులు బంగారమని అనను. అమ్మమ్మకు నోరుంది, దబాయింపు ఉంది. నోరు లేనివాళ్లు ఆ బస్సులోనే సంచికి టికెట్ కొట్టించుకుని, దాన్ని ఒళ్లో పెట్టుకుని, రాత్రంతా నిలబడి వచ్చారు. కన్నుతో తూచే చోట మాటకారి గెలుస్తాడు. అందుకే కాటా వచ్చింది, మనిషిని చూడకుండా బరువు ఒక్కటే చూస్తుందని. కాటాలో లోపమేం లేదు. అతని సంచి 11.2 అంటే 11.2నే. దాని మీదికి ఎవరిని పిలవాలో తేల్చేది మాత్రం ఇంకా కన్నే. నా బదులు నా కోటు, నా చక్రాల పెట్టె, బహుశా నా ఇంగ్లీషు మొహం అమ్మమ్మ పని చేసిపెట్టాయి. నేను నోరు కూడా తెరవలేదు.

విమానంలో పై అరలు నిండిపోయాయి. నా పెట్టెకు చోటు దొరికింది. అతను నాకు నాలుగు వరసల వెనక. అతని సంచి ముందు సీటు కింద సగమే పట్టింది, మిగతా సగం మీద కాళ్లు పెట్టుకుని కూర్చున్నాడు. అత్యవసర పరిస్థితిలో సామాను వదిలేసి దిగండి అని ఎప్పట్లాగే చెప్పారు.

2016 ఆగస్టు 3న తిరువనంతపురం నుంచి దుబాయ్ వెళ్లిన ఎమిరేట్స్ విమానం దిగుతూ రన్‌వే మీద కూలి కాలిపోయింది. 300 మందీ బతికి బయటపడ్డారు. మంటలార్పడానికి వచ్చిన ఒక ఫైర్‌మన్ చనిపోయాడు. పొగ కమ్ముతుంటే జనం పై అరల్లోంచి బ్యాగులు తీసుకుంటున్న వీడియో ఒకటి బయటికి వచ్చింది. అప్పుడు మనమంతా ఎంత నవ్వామో, ఎంత ఈసడించుకున్నామో నాకు గుర్తుంది. ప్రాణం కంటే లగేజీ ఎక్కువా అని నేనూ ఎవరికో ఫార్వర్డ్ చేశాను. ఆ తర్వాత 2024 జనవరి 2న టోక్యో హనేడాలో జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం కాలినప్పుడు 379 మందీ బ్యాగులు వదిలేసి దిగారని పొగిడాం. పొగడాల్సిందే. సామాను కోసం ఒక మనిషి ఆగిన ప్రతి క్షణం వెనకవాడి ఊపిరిలోంచి పోతుంది. ఈ విషయంలో రెండో మాట లేదు.

కానీ నాలుగు వరసల వెనక ఆ సంచిని చూశాక, వీడియోలో బ్యాగు కోసం చెయ్యి చాపిన మనిషిని నేను అంత తేలిగ్గా నవ్వలేను. నా పెట్టె కాలిపోతే ల్యాప్‌టాప్‌కి ఇన్సూరెన్సు ఉంది, ఫైళ్లు క్లౌడ్‌లో ఉన్నాయి, బ్యాంకు ఫోన్లో ఉంది. గల్ఫ్ వెళ్లే కూలీకి పాస్‌పోర్టు, వీసా కాగితాలు, పనికి సంబంధించిన ప్రతి ముక్కా ఆ సంచిలో ఉంటాయి. అవి పోతే ఎవరి చుట్టూ ఎన్నాళ్లు తిరగాలో అతనికి తెలుసు. వదిలేయమని ఇద్దరికీ ఒకే మాట చెబుతారు, చెప్పాలి కూడా. ఇద్దరూ వదిలేది ఒకటే కాదు.

అందుకే గేటు దగ్గర అతను వదిలినవి నన్ను వదలడం లేదు. 11.2లోంచి తన బరువు తీసేసి, ఊరి నుంచి ఇతరులు అప్పజెప్పిన బరువు ఉంచుకున్నాడు. నేనైతే, నిజం చెప్పాలంటే, పొట్లాలే తీసేసేదాన్ని. రూమ్‌వాళ్లకు ఫోన్ చేసి "ఏం చేయను, రూలు" అనేదాన్ని. వాళ్లూ అర్థం చేసుకునేవాళ్లు. అతను అలా అనలేకపోయాడా, అనకూడదనుకున్నాడా నాకు తెలియదు. ఒక గదిలో నలుగురైదుగురు ఏళ్ల తరబడి కలిసి బతకాల్సినప్పుడు రెండింటికీ మధ్య పెద్ద తేడా ఉండకపోవచ్చు. దాన్ని త్యాగమని పొగిడి పక్కన పెట్టేయడం నాకిష్టం లేదు. దుబాయ్‌లో కూడా జనవరి రాత్రులు చల్లగానే ఉంటాయి.

దుబాయ్‌లో ఇమిగ్రేషన్ లైన్ వైపు నడుస్తుంటే నా ముందు కొంచెం దూరంలో కనిపించాడు, సంచి భుజం మీద వేసుకుని. నాలుగడుగులు గబగబా వేస్తే కలిసేదాన్ని. పెట్టె పక్కకు ఆపి, కోటు విప్పి చేతి మీద వేసుకుని, అందులోంచి పవర్ బ్యాంకు తీసి, అక్కర్లేకపోయినా ఫోన్‌కి పెట్టుకున్నాను. అతను లైన్లో కలిసిపోయేదాకా.

లండన్ విమానంలో ఎవరూ ఏమీ తూచలేదు. 23 కిలోల హద్దు కింద నా పెట్టె బుద్ధిమంతురాలిలా పడుకుంది.

ఎల్లుండి మళ్లీ ప్రయాణం. ఈసారి బెంగళూరే, రెండు రోజుల పని. నిన్న రాత్రి కాటా బయటికి లాగాను. ఉత్త చేతులతో ఎక్కాను, పెట్టెతో ఎక్కాను. 8.3. బూట్లు తీసేశాను, 7.5. పుస్తకం తీశాను, 7.1. చార్జరు చేతిలో పట్టుకుని కాసేపు కాటా మీదే నిలబడ్డాను. బెంగళూరుకి కోటు అక్కర్లేదు.